నెల్లూరు రాత్రుల్లో పాటని ఆపింది పది గంటల రూలేనా?

పెన్నాగట్టు

మొన్న ఆదివారం మా పెద్ద మేనమామని చూసేదానికి పోయినా. ఎనభై దాటినాయి. పొద్దున టిఫిన్ ఏం తిన్నాడో గుర్తుండదు గానీ, 1960ల చివర్లో మద్రాసు మౌంట్ రోడ్డులో సఫైర్ సినిమా హాలు అడుగున ఉండిన నైన్ జెమ్స్ అనే నైట్‌క్లబ్బు గురించి నిన్న రాత్రి పోయొచ్చినట్టు చెప్తాడు. పట్టుచీర కట్టుకుని, పెద్ద బొట్టు పెట్టుకున్న ఒకమ్మాయి అక్కడ ఇంగ్లీషు పాటలు పాడేదంట. అప్పట్లో ఉషా అయ్యర్. తర్వాత కలకత్తా పోయి ట్రింకాస్ అనే రెస్టారెంటులో పాడి, ఉషా ఉతుప్‌గా పేరు తెచ్చుకుంది. మామ దగ్గర క్లబ్బులోకి పోయేంత డబ్బులు యాడివి? సినిమా టికెట్ కొని, ఇంటర్వెల్లో కిందికి దిగి తలుపు పక్కన నిలబడి వినేవాడంట. ఆ సినిమాల కథలు ఆయనకి ఇప్పటికీ సగమే తెలుసు.

ఇప్పుడు సఫైరూ లేదు, నైన్ జెమ్సూ లేదు. సరే, అది మద్రాసు. మన ఊళ్ళో క్లబ్బంటే పేకాటే, దాన్ని వదిలేద్దాం. కానీ మనకూ రాత్రులు ఉండేవి గదా. దసరా పందిట్లో ఆర్కెస్ట్రా, పురమందిరంలో నాటకం, జొన్నవాడ ఉత్సవాల్లో తెల్లవార్లూ ఏదో ఒకటి. గోళీ సోడా తాగతా, బొరుగులు నముల్తా, ముందు వరసలో చోటు కోసం కొట్టుకున్నవాళ్ళం.

నా వాదన చెప్తా. దీన్నంతా ఆపింది పది గంటల రూలు. 2000లో కేంద్రం శబ్ద కాలుష్య నిబంధనలు తెచ్చింది. 2005 జులైలో సుప్రీంకోర్టు గట్టిగా అమలు చేయమంది. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకు మూత. మన ఆర్కెస్ట్రా మొదలయ్యేదే తొమ్మిదిన్నరకి! మైక్ టెస్టింగ్, వినాయకుడి పాట, కమిటీ ప్రెసిడెంటుకి దండ అయ్యేసరికి కానిస్టేబుల్ వచ్చి నిలబడతాడు. ఔనంటారా, కాదంటారా?

మాగుంట లేఅవుట్ నిద్రలేనోడు

కాదంటా. రూలు మొత్తం చదివి రాయండి సార్.

నాలుగ్గోడల మధ్య జరిగేదానికి, అంటే ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు, విందు హాలు లాంటి చోట లోపలివాళ్ళకి వినిపించేదానికి ఆ నిషేధం లేదు. పురమందిరానికి గోడలున్నాయి, పైకప్పుంది. అక్కడ నాటకం ఆపమని ఏ కోర్టూ చెప్పలా. ఇంకోటి, 2002లో సవరణ వచ్చింది. పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ ఏడాదిలో 15 రోజులకి మించకుండా రాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. దసరా తొమ్మిది రోజులూ పోను ఇంకా ఆరు మిగుల్తాయి. ఆ 15 రోజుల కోసం మన ఊరినించి ఎవరైనా అర్జీ పెట్టారా? మీరు పెట్టారా?

ఇళ్ళుండే చోట రాత్రిపూట హద్దు 45 డెసిబెల్స్. మా ఇంటి వెనక కల్యాణమండపం ఉంది. పోయిన మాఘమాసంలో ఫోను కిటికీలో పెట్టి చూస్తే 90 చూపించింది. మా అమ్మకి గుండె జబ్బు. మీ జ్ఞాపకాలు బాగానే ఉంటాయి, మీరు ముందు వరసలో కూర్చున్నారు కాబట్టి. పక్కింట్లో పడుకున్నోడిని అడగండి.

ప్యాడ్‌మామ

ఇద్దరూ తప్పే అబ్బయ్యా. ఆపిందెవరో నాకు తెలుసు. నేనే.

1984లో ఆర్కెస్ట్రాలో చేరినా, డోలక్ వాయించేదానికి. అప్పుడు మేం పద్నాలుగు మంది. తబలా, డోలక్, కాంగో, ట్రిపుల్ కాంగో, డ్రమ్సు, మాండలిన్, రెండు గిటార్లు, అకార్డియన్, ఫ్లూటు, వయొలిన్, పాడేవాళ్ళు ముగ్గురు. ఒక్క వ్యాన్లో అందరం. కాంగోలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళం. అహూజా యాంప్లిఫయర్ని మాత్రం దుప్పట్లో చుట్టి, బాలింతని తీసకపోయినట్టు తీసకపోయేవాళ్ళం.

మాలో ఒక్కరికీ నొటేషన్ రాదు. కొత్త సినిమా క్యాసెట్ రాగానే కొనుక్కొచ్చి, ఒక్కో బిట్టు యాభై సార్లు వెనక్కి తిప్పి వినేది. అట్టా తిప్పీ తిప్పీ టేపు సాగిపోయి పాట అర శ్రుతి కిందికి దిగేది. మేం ఆ దిగిన శ్రుతిలోనే నేర్చుకునేది. మా మాండలిన్ ఆయన నోట్‌బుక్కులో సరిగమలుండవు, ‘తరరా తర్రా, ఇక్కడ జారుడు’ అని తెలుగులో రాసుకునేవాడు. స్టేజీ మీద మాత్రం ఎవరూ తప్పు పట్టలా. జనం చీటీలు పంపేవాళ్ళు, ఫలానా పాట పాడండి, ఫలానా వీధి ఫ్రెండ్స్ తరఫున అని. చీటీలో పది రూపాయల నోటు మడిచి పెట్టేవాళ్ళూ ఉండారు. పాట రాకపోయినా నోటు తిరిగి ఇచ్చింది లేదనుకో.

తొంభైల్లో నేను మద్రాసు పోయి సెకండ్ హ్యాండ్‌లో ఆక్టోపాడ్ తెచ్చినా. ఎనిమిది రబ్బరు పలకలు. తబలా, డోలక్, కాంగో, ట్రిపుల్, అన్నీ అందులోనే మోగతాయి. కమిటీవాళ్ళు కూడా సంబరపడ్డారు, ముగ్గురి భోజనం ఖర్చు తగ్గింది గదా. ఆ వినాయక చవితికి వ్యాన్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నా. ఖాళీ అయిన మూడు సీట్లూ ఎవరివో చూసుకోలా. తర్వాత మంచి కీబోర్డు వచ్చి ఫ్లూటునీ వయొలిన్నీ అకార్డియన్నీ మింగింది. ఆ తర్వాత ముందే రికార్డు చేసిన ట్రాకులొచ్చినాయి, అవి నన్ను మింగినాయి. నాకు దక్కాల్సిందే దక్కింది.

2005లో కోర్టు తీర్పు వచ్చేనాటికి మేం నలుగురం మిగిలినాం. కానిస్టేబుల్ వచ్చి ఆపేదానికి అక్కడ ఆర్కెస్ట్రా యాడుంది?

ఒంగోలు వేపచెట్టు

మామా, మీ కథ చదివి కళ్ళు చెమ్మగిల్లినాయి. కానీ మీరు చెప్పేది టౌను సంగతి.

మా నాయన హార్మోనిస్టు. అద్దంకి, దర్శి, కనిగిరి పక్క తిరునాళ్ళలో పద్యనాటకాలకి వాయించేవాడు. కాంట్రాక్టు నాటకాలు. ఒకే నాటకంలో ఇద్దరు హరిశ్చంద్రులు, ఇంకో నాటకంలో ముగ్గురు కృష్ణులు. ఒకాయన ఒక సీను ఆడి కిరీటం తీసేస్తే ఇంకొకాయన పెట్టుకుని వస్తాడు. జనం వచ్చేదే ఈ కృష్ణుడు ఆ కృష్ణుడి కంటే రాగం ఎంతసేపు తీస్తాడో చూసేదానికి. వన్స్ మోర్ అంటే మళ్ళీ పాడాలి. మూడోసారి కూడా వన్స్ మోర్ అంటే మా నాయన బెల్లోస్ వదిలేసి బీడీ ముట్టించేవాడు, అది నిరసన.

ఆ నాటకాలు తెల్లారిందాకా ఎందుకు సాగేవో ఎప్పుడైనా ఆలోచించారా? కళ మీద ప్రేమ కొంత. మిగతాదంతా బస్సు. మొదటి బస్సు పొద్దున ఐదింటికి. చుట్టుపక్కల ఊళ్ళ జనం నడిచీ, బండ్లు కట్టుకునీ వచ్చుంటారు, అర్ధరాత్రి తిరిగిపోయే దారి లేదు. అందుకే కాటి సీను నాలుగింటికి పడేది. చంద్రమతి ఏడుపు అయ్యేసరికి బస్సు హారన్ వినపడేది.

తర్వాత ఊరికి పది మోటారు సైకిళ్ళొచ్చినాయి. పన్నెండు దాటంగానే ఒక్కొక్కడే లేచి కిక్కు కొట్టేవాడు. స్టేజీ మీద కూర్చున్న మా నాయనకి చీకట్లో పోతా ఉండే ఎర్రలైట్లు కనపడేవి. లెక్కపెట్టుకునేవాడంట. ఒక ఏడాది కాటి సీనుకి ముందు మిగిలినోళ్ళు మైకు సెట్టువాడితో కలిపి ఇరవై మంది. నా మటుక్కి దోషి హీరో హోండా. కోర్టుకి సంబంధం లేదు.

కావలి కోడలు

అన్నలూ మామలూ అందరూ రాశారు. ఆ రాత్రుల్లో మేం యాడున్నామో ఒక్కరూ రాయలా.

మేం పందిట్లో ఎడమ పక్క, చాపల మీద. పదిన్నర దాకా. ఆ తర్వాత రికార్డింగ్ డ్యాన్సు మొదలయ్యేది, మా అత్తమ్మ నిద్రపోయే పిల్లల్ని లేపి ‘పదండే’ అనేది. ఇంటికొచ్చి మిద్దె మీద పడుకుంటే పాట అక్కడికీ వినపడేది, ఈలలూ వినపడేవి. కాబట్టి మీరు చెప్పే తెల్లవారుజాము పాటలు నేను విన్నా గానీ, పాడిన మనిషిని చూడలా.

ఇంకో మాట. మా ఊరి తిరునాళ్ళకి ఆర్కెస్ట్రా డబ్బులిచ్చేది సారా కాంట్రాక్టరు. అది అందరికీ తెలుసు. మైకులో దాత అని పేరు కూడా చదివేవాళ్ళు. 1992లో మన జిల్లాలోనే, దూబగుంటలో ఆడోళ్ళు సారా అంగడికి అడ్డం నిలబడ్డారు. 1993 ఏప్రిల్లో మన జిల్లాలో సారా ఆగింది, అక్టోబరులో రాష్ట్రమంతా ఆగింది. 1995 జనవరి నుంచి మందంతా బంద్, అది రెండేళ్ళే నిలిచింది, వేరే సంగతి. సారా ఆగిన ఏడాది మా తిరునాళ్ళలో ఆర్కెస్ట్రా లేదు, దాత లేడు. నా మనసుకి అది నష్టంగా తోచలా. మీకు పాట పోయింది, మాకు ఆ రోజు కూలి డబ్బులు ఇంటికొచ్చినాయి.

ప్యాడ్‌మామ

తల్లీ, దానికి నా దగ్గర జవాబు లేదు. మాతో పాడిన అమ్మాయి ఒకామె ఉండేది, జానకమ్మ పాటలకి. ప్రతి ప్రోగ్రాముకీ వాళ్ళమ్మ వచ్చేది. స్టేజీ వెనక యాంప్లిఫయర్ పక్కన ముక్కాలిపీట మీద తెల్లార్లూ కూర్చునేది, కన్ను మూయకుండా. మేం ఆమెని చూసి నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నవ్వు రాదు.

పెన్నాగట్టు

కోడలమ్మా, సారా కాంట్రాక్టరు సంగతి నాకు తట్టలా. మా పందిట్లో దాతలెవరో ఇప్పుడు గుర్తుచేసుకుంటా ఉంటే కొంచెం ఇబ్బందిగానే ఉంది. నిద్రలేనోడు గారూ, అర్జీ నేనూ పెట్టలా, ఒప్పుకుంటున్నా.

అయితే ఇంకో అనుమానితుడు మిగిలాడు. చెప్తే కొడతారేమో. బాలు గారు. తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పిన ఊరు ఇది. తిప్పరాజువారి వీధిలో ఇల్లు 2020లో వేదపాఠశాలకని కంచి మఠానికి ఇచ్చారు. ఆ బాలు గారే 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ పాటల పోటీ మొదలుపెట్టారు. ఆ రోజు పందిట్లో ఎవరున్నారు? నేనే లేను. ఇంట్లో చాప మీద పడుకుని చూసినా.

ఒంగోలు వేపచెట్టు

బాలు గారి మీద మాట పడనిస్తే నెల్లూరోళ్ళు ఎట్టా అవుతారయ్యా మీరు?

ప్యాడ్‌మామ

పెన్నాగట్టూ, నువ్వు టీవీలో పాడేవాళ్ళనే చూసినట్టున్నావు. వెనకాల చూడాల్సింది. తబలా మనిషి, వీణ మనిషి, వేణువు మనిషి. ట్రాకు పెట్టి పాడించలా ఆయన. సినిమాల తొలి రోజుల్లో ఆయన నడిపిన లైట్ మ్యూజిక్ బృందంలో ఇళయరాజా, భాస్కర్, గంగై అమరన్ అన్నదమ్ములు వాయించేవాళ్ళు. వాయించేవాడి కూడు ఎట్టా ఉంటదో తెలిసినాయన. నేను ఆక్టోపాడ్ కొని ముగ్గురిని దించిన పని ఆయన చేయలా. ఆ పేరు ఈ లిస్టులోంచి తీసెయ్.

చెన్నై వీకెండు కుర్రాడు

పెద్దలందరికీ నమస్కారం. నేను పుట్టేసరికి ఇవేవీ లేవు. నాకు లైవ్‌లో పాట వినాలంటే 175 కిలోమీటర్లు చెన్నైకి పోవాలి, లేకపోతే బెంగళూరు. మందు లేకుండా, మూసిన హాల్లో, వారానికొకసారి నెల్లూరులోనే పెడితే ఏమైంది? చట్టం అడ్డం కాదని ఇప్పుడే తేలింది గదా.

కావలి కోడలు

పెట్టు నాయనా. ఏడింటికి మొదలుపెట్టు, మండపం బయట దీపాలు పెట్టించు, ఆడోళ్ళకి బాత్రూము ఉండాలి. ఈ మూడూ ఉంటే మా వీధి నుంచి పదిమందిమి వస్తాం. మీ వాళ్ళు ఎప్పుడూ మైకు సెట్టు గురించే మాట్లాడతారు.

మాగుంట లేఅవుట్ నిద్రలేనోడు

తలుపులు మూస్తే నేనూ వస్తా. నాకు పాటంటే పగ లేదు, స్పీకర్లంటేనే.

ఒంగోలు వేపచెట్టు

రండి, రండి. పన్నెండింటికి ఎవడి బండి వాడు ఎక్కి పోతాడు, అదే నేను చెప్పేది. ఇంటికి పోయే దారి ఉన్నోడికి పాట చివరిదాకా వినే ఓపిక ఉండదు. నా మాట మారదు.

పెన్నాగట్టు

ప్యాడ్‌మామా, మీ వాళ్ళలో ఇంకా వాయించేవాళ్ళు ఎవరైనా ఉండారా? మా మేనమామని వీల్‌చైర్లో తీసుకొస్తా. ఈసారి తలుపు బయట కాకుండా లోపల కూర్చోబెడతా.

ప్యాడ్‌మామ

మాండలిన్ ఆయన స్టోన్‌హౌస్‌పేటలో ఉండాడు, జెరాక్సు అంగడి. నిన్న పోయి అడిగినా. నోట్‌బుక్కు కూడా దాచిపెట్టుకోనుండాడు. అంగట్లోనే రెండు పాటలు వాయించి చూపించినాడు. ఫోన్లో అసలు పాట పెట్టి సరిచూసుకున్నాం. ఇంకా ఆ అర శ్రుతి కిందే ఉండాడు.