రిమోట్ డెస్క్‌టాప్‌లో 16 బిట్ చాలదా?

సిరిపురం_డిజైన్: గాజువాక ఆఫీసులో విండోస్ సర్వర్ 2008 ఆర్2. ఇంట్లో విండోస్ 10 నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో (ఆఫీసు తెర ఇంట్లో కనబడేలా) కనెక్టయితే గ్రేడియెంట్లన్నీ చారలు చారలు. డిస్‌ప్లే ట్యాబ్‌లో కలర్ డెప్త్ (ఒక్కో చుక్క రంగుకి ఎన్ని బిట్లు) 32 బిట్టే పెట్టాను.

ఆటోనగర్_అడ్మిన్: మీరెంత అడిగినా సర్వర్ ఇచ్చిందే వస్తుందండి. సర్వర్లో రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్ కాన్ఫిగరేషన్ తెరిచి, ఆర్డీపీ-టీసీపీ (రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్) ప్రాపర్టీస్, క్లయింట్ సెట్టింగ్స్‌లో ‘లిమిట్ మాక్సిమమ్ కలర్ డెప్త్’ చూడండి. 16 ఉంటుంది. ఉండనివ్వండి, చాలు.

సిరిపురం_డిజైన్: ఏటి చాలేది? ఎరుపుకి 5 బిట్లు, పచ్చకి 6, నీలానికి 5. ఎరుపులో 32 మెట్లే. బూడిదరంగు గ్రేడియెంట్ పెట్టి చూడండి, ఒక చార పచ్చగా, పక్కది గులాబీగా కొడుతుంది.

ఆటోనగర్_అడ్మిన్: 1920×1080 తెర మొత్తం ఒకసారి గీస్తే 16లో 41 లక్షల బైట్లు, 32లో 83 లక్షలు. టాలీలో అకౌంట్లు రాసేవాళ్లంతా అదే లైను మీద ఉన్నారు.

ఎంవీపీ_నెట్: ఆ లెక్క కంప్రెషన్‌కి ముందుది సార్. పైగా మారిన ముక్కే వెళ్తుంది. ఎక్స్‌పీరియెన్స్ ట్యాబ్‌లో వాల్‌పేపర్, యానిమేషన్లు తీసేయండి ముందు.

పెందుర్తి77: సర్వర్ 2008కి సపోర్టే 2020 జనవరిలో పోయింది. కొత్తది పెట్టండి, గొడవుండదు.

ఎంవీపీ_నెట్: సగం నిజం. సర్వర్ 2012 నుంచి, క్లయింటు కూడా ఆర్డీపీ 8 గానీ ఆపైది గానీ అయితే ఆ లిమిట్ పట్టదు, ఎప్పుడూ 32 బిట్టే. కానీ తెర హెచ్.264 వీడియోగా 4:2:0లో (రంగు వివరం తగ్గించి) వస్తే ఎర్ర అక్షరాల అంచులు మసకేస్తాయి. అది బిట్ల జబ్బు కాదు. సర్వర్ 2016లో అయితే గ్రూప్ పాలసీలో, రంగు వివరం తగ్గించని ఏవీసీ 444కి ప్రాధాన్యం ఇవ్వాలి.

ఆటోనగర్_అడ్మిన్: టాలీకి ఎరుపంచులతో పనేంటి?

సిరిపురం_డిజైన్: మీకు టాలీ ఒక్కటే లోకం! తెర మీద చారలు చూసి డిజైన్‌లోని ఆకాశంలో నాయిస్ (సన్న చుక్కలు) కలిపితే ఫ్లెక్స్ గరుకుగా వచ్చింది, ఆర్డరిచ్చిన పార్టీ బిల్లు కోసేశాడు. అంతా మీలాంటి అడ్మిన్ల 16 బిట్ పుణ్యమే.

ఆటోనగర్_అడ్మిన్: రంగు ఖాయం చేసేది రిమోట్ తెర మీదా? 32 పెట్టినా మీ మానిటర్ ప్రొఫైల్ అక్కడికి రాదు. ఫైలు దింపుకుని చూసుకోవాలి.

సిరిపురం_డిజైన్: ఎలా దింపను? క్లిప్‌బోర్డ్, డ్రైవ్ రీడైరెక్షన్ రెండూ మూసేశారు కదా!

ఆటోనగర్_అడ్మిన్: మూస్తాం. పార్టీల ఫైళ్లు ఇళ్లకి పోనివ్వం.

సిరిపురం_డిజైన్: అలాగైతే తెరైనా సరిగ్గా ఇవ్వండి.

ఎంవీపీ_నెట్: ఆ లిమిట్ కనెక్షన్ మొత్తానికి పడుతుంది, మనిషి మనిషికీ వేరుగా పెట్టలేరు. సర్వర్లో 32కి పెంచండి. టాలీ వాళ్లకిచ్చే ఆర్డీపీ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి ‘సెషన్ బీపీపీ:ఐ:16’ పెట్టండి. తర్వాత డిస్కనెక్ట్ చేసి వదిలేయకుండా లాగాఫ్ చేసి మళ్లీ రండి.

ఆటోనగర్_అడ్మిన్: వాళ్లలో ఎవడో 32కి మార్చుకుంటే?

ఎంవీపీ_నెట్: మార్చుకోనివ్వండి సార్. టాలీ తెరలో ఉన్నవే నాలుగు రంగులు.