అప్‌డేట్: గ్రాంట్ సాఫ్ట్‌వేర్‌కూ బ్యాంకుకూ లెక్క కుదిరింది

విశాఖపట్నంలో మా విశ్వవిద్యాలయ పరిశోధన ప్రాజెక్టు గ్రాంటు లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌లోని అంకెలు బ్యాంకు ఖాతాతో పొంతన కుదరక, వినియోగ ధ్రువపత్రం (గ్రాంటు డబ్బు దేనికి ఎంత ఖర్చయిందో చూపే పత్రం) ఆగిపోయిందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

‘చెల్లింపు జరగని కొనుగోలు ఆర్డర్లు చూడండి’ అన్నవారి మాటే నిజమైంది. సముద్రపు నీటి నమూనాల కోసం ఆర్డరు చేసిన సెంట్రిఫ్యూజ్ (నమూనాలను వేగంగా తిప్పి వేరు చేసే యంత్రం) ఇంకా రానేలేదు, పైసా చెల్లించలేదు. అయినా ఆర్డరుకు ఆమోదం పడిన రోజే సాఫ్ట్‌వేర్ ఆ మొత్తాన్ని ప్రాజెక్టు నిల్వలోంచి పక్కకు తీసి, సారాంశ నివేదికలో ఖర్చుతో కలిపేసింది. ఏ బడ్జెట్ పద్దు కిందా మంజూరు మించకుండా అది చేసే కాపలా మంచిదే, కానీ ధ్రువపత్రానికి ఆ అంకె పనికిరాదు.

మిగిలిన చిన్న తేడా బ్యాంకు వడ్డీ అని ఆడిటరు గారు తేల్చారు. కేంద్ర ప్రభుత్వ గ్రాంటు కాబట్టి, సాధారణ ఆర్థిక నియమాలు 2017లోని 230(8) ప్రకారం ఆ వడ్డీని భారత సంచిత నిధికి (కేంద్ర ప్రభుత్వ ప్రధాన ఖజానాకు) జమ చేయాలి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల పోర్టల్ భారత్‌కోశ్ ద్వారా కట్టేశాం.

కొందరు బ్రౌజరు మార్చమన్నారు, జీఎస్టీ చూడమన్నారు కానీ, వాటికి దీనితో సంబంధం లేదు. వినియోగ ధ్రువపత్రం ఫారమైన జీఎఫ్ఆర్ 12-ఎ నింపేవారు సారాంశ నివేదిక కాకుండా, వోచర్ల వారీ చెల్లింపుల నివేదిక తీసుకోండి.