అప్‌డేట్: ఎంజైమ్‌లు నరాల కణితిని ఎలా పెంచుతాయి?

"అరుగుదలకు పనికొచ్చే ఎంజైమ్‌లకూ, నరాల తొడుగులో పెరిగే కణితికీ సంబంధం ఏమిటి?" అని ఇంతకుముందు అడిగింది నేనే. మా తమ్ముడికి 14 ఏళ్లు, ఎన్‌ఎఫ్‌1 (న్యూరోఫైబ్రోమాటోసిస్ టైప్ 1, నరాల మీద కణితులు పెరిగే జన్యు వ్యాధి) ఉంది. తొడలోని గడ్డ గట్టిపడి, రాత్రిళ్లు నొప్పి మొదలయ్యేసరికి ఇంట్లో అందరికీ టెన్షన్.

ముందు వాడి సంగతి. పెట్ స్కాన్, బయాప్సీ అయ్యాయి. క్యాన్సర్ కాదు, ప్లెక్సిఫామ్ న్యూరోఫైబ్రోమా అనే నరాల తొడుగు కణితి. రిపోర్ట్ విని అమ్మ చాలాసేపు ఏడ్చింది.

ఇక ప్రశ్న. డాక్టర్‌గారు ఓపిగ్గా చెప్పారు. కణానికి పెరగమని సంకేతమిచ్చే రాస్ అనే ప్రొటీన్ కూడా ఒక ఎంజైమే. తనను పనిచేయించే జీటీపీ అనే చిన్న అణువును విడగొట్టి తనంతట తాను ఆగాలి, కానీ ఆ పని చాలా నెమ్మది. న్యూరోఫైబ్రోమిన్ అనే ప్రొటీన్ దాన్ని వేగంగా ఆపుతుంది. ఎన్‌ఎఫ్‌1 జన్యువు రెండు ప్రతులూ పాడైన ష్వాన్ కణంలో (నరానికి తొడుగు వేసే కణం) ఆ ప్రొటీన్ ఉండదు కాబట్టి రాస్ ఆగదు. అప్పుడు దాని కింద గొలుసులా పనిచేసే ఎంజైమ్‌లలో రాఫ్ మెక్‌కి, మెక్ ఎర్క్‌కి ఫాస్ఫేట్ తగిలించి ఉత్తేజపరుస్తూ పోతాయి, కణం విభజన చెందుతూనే ఉంటుంది.

అదే ప్రాణాంతక (క్యాన్సర్) కణితి అయితే, పక్క కండరంలోకి చొచ్చుకుపోవడానికి వేరే ఎంజైమ్‌లు సాయపడతాయి. ఎంఎంపీ-2, ఎంఎంపీ-9 లాంటి ప్రొటీన్‌లను కోసే ఎంజైమ్‌లు కణజాలం మధ్య ఉండే కొలాజెన్ పొరను కత్తిరించి దారి చేస్తాయి. మరి వాటినే ఆపేస్తే సరిపోదా అన్నాను. రకరకాల క్యాన్సర్లలో ఆ మందులు ప్రయత్నించారట. ఆయుష్షు పెరగలేదు, పైగా కీళ్ల నొప్పులు వచ్చాయట. నాకు నిజంగా బాధేసింది.

తమ్ముడికి మెక్‌ను అడ్డుకునే సెలుమెటినిబ్ రాశారు. అమెరికాలో 2020లో పిల్లలకు అనుమతించిన మందే. గుండె, కంటి పరీక్షలు కాగానే మొదలుపెడతారు.