దేశం దాటకముందే ఉద్యోగం: 120 దరఖాస్తులు పెట్టాను, ఒక్క పిలుపూ రాలేదు

ప్రశ్న

అందరికీ నమస్కారం. నాకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో 7 ఏళ్ల అనుభవం, అందులో 4 ఏళ్లు ఆటోమేషన్. నా భార్య నర్సు, ఐసీయూలో 5 ఏళ్లుగా చేస్తోంది. జర్మనీ, బ్రిటన్, కెనడా, ఏది ముందు తగిలితే అక్కడికి వెళ్దామనుకుని నాలుగు నెలల్లో 120 దాకా దరఖాస్తులు పెట్టాను. సగం చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. మిగతావి "చింతిస్తున్నాం" మెయిళ్లు. కొన్నయితే నేను పంపిన పది నిమిషాల్లోనే వచ్చేశాయి! రెజ్యూమే మూడుసార్లు తిరగరాశాను. లోపం ఎక్కడుందో అంతుపట్టడం లేదు. ఉద్యోగం మానేసి, ముందు అక్కడికి వెళ్లిపోయి వెతుక్కోవడమే నయమా?

జవాబు

ఉద్యోగం మానేయడం మాట మాత్రం ఇప్పుడు ఎత్తకండి. ఆఫర్ వచ్చాక కూడా కాదు, వీసా చేతికొచ్చాకే రాజీనామా. ఆఫర్ లెటర్లో "పని అనుమతి వస్తేనే" అన్న షరతు దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

నేను కొన్నేళ్లుగా నియామకాల పని చూస్తున్నాను, అవతలి పక్క ఏం జరుగుతుందో చెబుతాను. పది నిమిషాల్లో వచ్చిన తిరస్కరణ మీ రెజ్యూమే చదివి పంపింది కాదు. ఫారంలో "ఈ దేశంలో పనిచేసే హక్కు మీకుందా? స్పాన్సర్‌షిప్ అవసరమా?" అన్న ప్రశ్నకు మీరిచ్చిన జవాబు చూసి సాఫ్ట్‌వేరే పక్కకు తోసేసింది. అందుకని అక్కడ అబద్ధం టిక్కు పెట్టకండి. ఆఖరి రౌండులో బయటపడితే ఆ కంపెనీ తలుపు మళ్లీ తెరుచుకోదు. స్పాన్సర్ చేయలేని, అంటే మీ వీసాకు పూచీ పడలేని కంపెనీకి అసలు దరఖాస్తే పెట్టకుండా ఉండాలి.

మీరు "ఏది ముందు తగిలితే అది" అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. మూడు దేశాల తాళాలూ వేరు, ఒకే తాళంచెవితో తిప్పుతున్నారు.

బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసాకు స్పాన్సర్ చేయాలంటే కంపెనీకి హోం ఆఫీస్ లైసెన్సు ఉండాలి. లైసెన్సున్న సంస్థలన్నిటి జాబితా ప్రభుత్వ వెబ్‌సైట్లోనే ఉంది, డౌన్‌లోడ్ చేసుకుని పేరు వెతకొచ్చు. అందులో లేని కంపెనీకి మీరు ఎంత నచ్చినా, లైసెన్సు తెచ్చుకునేదాకా మిమ్మల్ని తీసుకోలేదు. రెండోది జీతం. 2025 జూలై 22 నుంచి సాధారణ కనీసం ఏడాదికి 41,700 పౌండ్లు. ఆ వృత్తికి నిర్ణయించిన రేటు అంతకంటే ఎక్కువైతే అదే లెక్క. ప్రకటనలో అంతకన్నా తక్కువ జీతం కనిపిస్తే ముందుకు వెళ్లిపోవడమే. నెదర్లాండ్స్‌లో ఇమిగ్రేషన్ శాఖ ఐఎన్‌డీ కూడా ఇలాంటి జాబితానే పెడుతుంది. న్యూజీలాండ్‌లో 2022 నుంచి అక్రెడిటెడ్ ఎంప్లాయర్ (ప్రభుత్వ గుర్తింపు పొందిన యజమాని) పద్ధతి నడుస్తోంది.

జర్మనీలో ఇలాంటి లైసెన్సు గొడవ లేదు, అక్కడ చూసేది మీ చదువును. అనాబిన్ అనే వాళ్ల డేటాబేస్‌లో మీ యూనివర్సిటీకి హెచ్ ప్లస్ (గుర్తింపు ఉందనే) గుర్తుందా, మీ డిగ్రీ వాళ్ల డిగ్రీకి సమానంగా నమోదైందా చూడండి. కనిపించకపోతే జెడ్ఏబీ అనే సంస్థకు రుసుం కట్టి సమానత్వ పత్రం తెప్పించుకోవచ్చు. ఐటీ వాళ్లకు ఇంకో వెసులుబాటుంది. గత 7 ఏళ్లలో కనీసం 3 ఏళ్ల తగిన అనుభవం, నిర్ణయించిన జీతం ఉంటే డిగ్రీ లేకపోయినా బ్లూ కార్డు (నిపుణులకిచ్చే ఈయూ పని, నివాస అనుమతి) ఇస్తారు. ఆ జీతం గీత ఏటా మారుతుంది, కాబట్టి ఎవరో రెండేళ్ల కింద చెప్పిన అంకె పట్టుకోవద్దు.

కెనడా సంగతి వేరు. బయటివాణ్ని తీసుకోవాలంటే చాలా ఉద్యోగాలకు యజమాని ఎల్ఎంఐఏ తెచ్చుకోవాలి, అంటే స్థానికంగా మనిషి దొరకలేదని ప్రభుత్వం ముందు చూపించాలి. టెస్టర్ కోసం అంత తిప్పలు పడేవాళ్లు తక్కువ. పైగా 2025 మార్చి 25 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (శాశ్వత నివాసానికి పాయింట్ల మీద ఎంపిక చేసే పద్ధతి) జాబ్ ఆఫర్‌కు ఇచ్చే పాయింట్లు తీసేశారు. ఇప్పుడు అక్కడ వయసు, చదువు, భాష, అనుభవం మీద శాశ్వత నివాసానికి పోటీపడటమే అసలు దారి. మీ కెనడా దరఖాస్తులు చాలామటుకు బూడిదలో పోసిన పన్నీరే, ఏమనుకోకండి.

ఒక పని చేయండి. బ్రిటన్‌కు పంపినవాటిలో ఎన్ని ఆ జాబితాలో ఉన్నాయో లెక్కపెట్టి ఇక్కడ చెప్పండి.

అడిగినవారు

లెక్కపెట్టాను సార్. బ్రిటన్‌కు 43 పంపాను. జాబితాలో ఉన్నవి 11. ఆ 11లో ఆరు ప్రకటనల్లో జీతం మీరు చెప్పిన గీత కిందే ఉంది. అంటే నాలుగు నెలల్లో అయిదు కంపెనీలకే దరఖాస్తు పెట్టానన్నమాట. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

ఇంకొకరి జవాబు

అన్నా, అక్క గురించి ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారేంటి? నేనూ నర్సునే. ఐసీయూ అనుభవం ఉన్న మనిషిని ఇంట్లో పెట్టుకుని మీ పేరు మీదే ఎందుకు వెతుకుతున్నారు? ఆమె ప్రధాన దరఖాస్తుదారు, మీరు డిపెండెంట్ అయితే ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. బ్రిటన్‌లో నర్సు భర్త డిపెండెంట్‌గా వెళ్లి దాదాపు ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. అప్పుడు మీకు స్పాన్సరే అక్కర్లేదు, ఆ ఫారంలో టిక్కు నిజంగానే మారుతుంది. (కేర్ వర్కర్ వేరు, నర్సు వేరు. కేర్ వర్కర్లు 2024 మార్చి నుంచి కుటుంబాన్ని తీసుకెళ్లలేరు, 2025 జూలైలో విదేశాల నుంచి వాళ్ల నియామకాలే ఆపేశారు. ఏజెంట్లు ఈ రెండూ కలిపి మాట్లాడతారు, జాగ్రత్త.)

కాకపోతే మా దాంట్లో ఉద్యోగం కన్నా ముందు రిజిస్ట్రేషన్. బ్రిటన్‌కైతే ఎన్ఎంసీలో, అంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్లో. ఇంగ్లిష్‌కు ఓఈటీ గానీ ఐఈఎల్‌టీఎస్ గానీ, తర్వాత సీబీటీ అనే కంప్యూటర్ పరీక్ష. ఇవి ఇక్కడే రాయొచ్చు. ఓఎస్సీఈ అనే ప్రాక్టికల్ మాత్రం బ్రిటన్‌లోనే, అది సాధారణంగా ఉద్యోగం వచ్చి వెళ్లాకే రాస్తారు. నాకు ఓఈటీలో రైటింగ్ ఒక్కటే రెండుసార్లు తన్నేసింది, కాబట్టి ముందు దాని మీద కూర్చోమనండి. జర్మనీ అయితే నర్సుకు జర్మన్ బీ2 స్థాయి దాకా రావాలి. ఏడాది పైమాటే.

ఆస్పత్రి గానీ ఏజెన్సీ గానీ ఇచ్చే ఒప్పందంలో "ఇన్నేళ్లలోపు మానేస్తే ఇంత తిరిగి కట్టాలి" అనే షరతు ఉందేమో చదవండి. నేను చదవకుండా సంతకం పెట్టాను. ఆ కథ ఇంకెప్పుడైనా.

మరొకరు

పైవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించను. వెళ్లి వెతుక్కోవడం తప్పు కాదు, దానికి తగ్గ వీసా మీద వెళ్లకపోవడం తప్పు. జర్మనీ 2024 జూన్ 1 నుంచి చాన్సెన్‌కార్టె అనే ఉద్యోగం వెతుక్కునే వీసా ఇస్తోంది. చదువు, అనుభవం, భాష, వయసు వగైరాల మీద 6 పాయింట్లు రావాలి. కనీసం జర్మన్ ఏ1 (మొదటి మెట్టు) గానీ ఇంగ్లిష్ బీ2 (నాలుగో మెట్టు) గానీ ఉండాలి. ఏడాది దాకా అక్కడుండి వెతుక్కోవచ్చు, వారానికి 20 గంటలు పార్ట్‌టైమ్ పని చేసుకోవచ్చు. నేను అలాగే వచ్చాను. స్థానిక ఫోన్ నంబరు, "రేపే రాగలను" అన్న మాట, ఈ రెండింటితో నా పిలుపులు ఎలా పెరిగాయో నాకు తెలుసు.

మొదట జవాబిచ్చినవారు

అవును, ఆ దారి ఉంది, నేను చెప్పకుండా దాటేశాను. కానీ అక్కడ గడిపే కాలమంతటికీ సరిపడా డబ్బు ముందే చూపించాలి, ఆ ఏడాదిలో ఉద్యోగం రాకపోతే తిరుగు ప్రయాణమే. ఇద్దరి ఉద్యోగాలూ వదులుకుని చేసే పని కాదు. టూరిస్టు వీసా మీద బ్రిటన్ వెళ్లి వెతుకుదామని మాత్రం అనుకోకండి. విజిటర్‌గా ఇంటర్వ్యూకు హాజరవచ్చు గానీ, అక్కడుండగానే స్కిల్డ్ వర్కర్‌కు మారే వీలు లేదు, వెనక్కొచ్చి దరఖాస్తు పెట్టాల్సిందే.

ఇక రెజ్యూమే. మీరు మూడుసార్లు మార్చిందేమిటో నాకు తెలియదు గానీ, పైన ఈ ఒక్క లైను ఉండాలి: "ఈయూ బ్లూ కార్డుకు అర్హత ఉంది, డిగ్రీ అనాబిన్‌లో ఉంది, నోటీసు 60 రోజులు, సొంత ఖర్చుతో మారడానికి సిద్ధం." మీకు నిజమైనవే రాయండి. చదివేవాడి మనసులో మెదిలేది "ఈయన ఎంత మంచి టెస్టర్" అన్నది కాదు. "ఈయన్ని తెచ్చుకోవాలంటే నేనెన్ని కాగితాలు నింపాలి, ఎన్నాళ్లు ఆగాలి" అన్నది. దానికి జవాబు మొదటి లైన్లోనే దొరికితే రెండో లైనుకు వస్తాడు. తండ్రి పేరు, పెళ్లయిందా లేదా, పాస్‌పోర్టు నంబరు తీసేయండి. బ్రిటన్, కెనడాలకు ఫొటో వద్దు. జర్మనీలో ఇంకా చాలామంది పెడతారు, తప్పనిసరి కాదు. ఫోన్ నంబరు ముందు ప్లస్ గుర్తుతో దేశం కోడ్.

డబ్బు అడిగితే ఒక్కటే మాట: దండం పెట్టేసి వచ్చేయండి. ఆస్ట్రేలియాలో స్పాన్సర్‌షిప్‌కు డబ్బు అడగడమే కాదు, ఇవ్వజూపడం కూడా 2015 నుంచి చట్టవిరుద్ధం. కెనడాలో ఎల్ఎంఐఏ రుసుం యజమానే కట్టాలి, మీ దగ్గర వసూలు చేయకూడదు.

అడిగినవారు

మూడు వారాల తర్వాత వస్తున్నాను. కెనడా వదిలేశాను. మా ఆవిడ ఓఈటీకి కూర్చుంది, నేను ఇంట్లో వంటకు కూర్చున్నాను. జర్మనీకి 14 మాత్రమే పంపాను, పైన ఆ లైను పెట్టి. రెండు పిలుపులొచ్చాయి! ఒకటి వచ్చే నెల మొదటి వారంలో. మెయిల్లో "ఉదయం 10, సీఈటీ" (మధ్య యూరప్ సమయం) అని ఉంది. నాకు ఎన్ని గంటలవుతుందో వెతికితే ఒక్కో చోట ఒక్కోలా చూపిస్తోంది. ఇంకోటి, జీతం ఎంత కావాలని ముందే అడుగుతున్నారు.

మొదట జవాబిచ్చినవారు

శుభం. యూరప్‌లో మార్చి ఆఖరి ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, అక్టోబర్ ఆఖరి ఆదివారం వెనక్కి. చలికాలంలో అక్కడి సమయం సీఈటీ, వేసవిలో సీఈఎస్‌టీ, అయినా అలవాటు కొద్దీ సీఈటీ అనే రాస్తుంటారు. మీ తేదీ ఆ ఆదివారానికి ఏ పక్కనుందో చూసుకుని, "యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం ఫలానా గంటకు కదా" అని ఒక లైను మెయిల్ పెట్టి ఖాయం చేసుకోండి. ఎవరూ తప్పుగా అనుకోరు.

జీతం అక్కడ ఏడాదికి, పన్ను కోతలకు ముందున్న మొత్తంగా చెబుతారు. మీరూ అలాగే చెప్పండి, బ్లూ కార్డు గీతకు కాస్త పైనే.