ఇంకొకర్ని కనమంటున్నారు సరే, నీళ్లెవరు పోస్తారు?

నిజాంపేట్‌వాలా (చర్చ మొదలుపెట్టినవారు):
నిన్న మా ఆఫీసు క్యాంటీన్‌లో మొదలైన గొడవ ఇది. దక్షిణాదిలో పిల్లలు తగ్గిపోతున్నారు, ఎక్కువ మందిని కనండని 2024 అక్టోబరులో చంద్రబాబు నాయుడు పిలుపునిచ్చారు గుర్తుందా? ఆ మరుసటి నెలలోనే, ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధనను ఏపీ అసెంబ్లీ ఎత్తేసింది. మా కొలీగ్ అదే కరెక్ట్ అంటాడు. నాకు ఒళ్లు మండింది.

ఎందుకంటే పోయిన ఏప్రిల్‌లో మా 84 ఫ్లాట్లకు రోజూ నాలుగు ట్యాంకర్లు తెప్పించాం. ఒక్కోటి పది వేల లీటర్లు. అవి వచ్చేది రాత్రి రెండింటికి. వాచ్‌మన్ సంపు మూత లాగిన చప్పుడుకే లిఫ్ట్ కదిలేది, ఎన్ని లీటర్లు దించాడో చూడ్డానికి ఇద్దరు ముగ్గురు నైటీల మీదే కిందికి దిగేవాళ్లు. ప్రపంచ జనాభా 2022 నవంబరు 15కే 800 కోట్లకు చేరిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఉన్నవాళ్లకే దిక్కు లేదు, ఇంకా కనాలా?

లెక్కల మాస్టారు:
తమ్ముడూ, మీ ట్యాంకర్‌కీ పురుడుకీ సంబంధం లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లలు తెలంగాణలో 1.8, ఏపీలో 1.7. జనాభా ఉన్నచోటే నిలవాలంటే 2.1 కావాలి. అంటే మనం ఎప్పుడో కిందికి దిగాం. బిహార్‌లో 3. ప్రపంచం మొత్తం చూసినా, 2080ల మధ్యలో 1,030 కోట్ల దగ్గర ఆగి, అక్కడి నుంచి మెల్లగా తగ్గుతుందని ఐరాస 2024 అంచనా.

హైదరాబాద్ పెరుగుతున్నది పేట్లబుర్జు, గాంధీ ఆసుపత్రుల ప్రసూతి వార్డుల వల్లే కాదు. ఎంజీబీఎస్ బస్టాండ్‌లో, సికింద్రాబాద్ స్టేషన్‌లో సంచులతో దిగేవాళ్ల వల్ల కూడా. అవునూ, మీది ఏ ఊరు?

నిజాంపేట్‌వాలా:
నర్సీపట్నం దగ్గర. సరే, ఆ పాయింట్ ఒప్పుకుంటున్నా.

ఒక్కగానొక్క:
నేను వేరే చివర నుంచి చెప్తాను. మా అమ్మానాన్నలకు నేనొక్కదాన్నే, మా ఆయనా అంతే. ఇద్దరం గచ్చిబౌలిలో, పెద్దవాళ్లు నలుగురూ వరంగల్‌లో. నాన్నకు వారానికి మూడు రోజులు డయాలసిస్. రాత్రి అటెండర్ రాకపోతే, అమ్మ డెబ్భై ఏళ్ల వయసులో ఆయన్ని ఒక్కతే బాత్రూమ్‌కు నడిపిస్తుంది. నేను ఇక్కడ మీటింగ్‌లో కెమెరా ఆపి ఏడుస్తాను. తమ్ముడో చెల్లో ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. (ఉన్నా డల్లాస్‌లో ఉండేవాళ్లేమో, అది వేరే సంగతి.)

ముసలివాళ్లు పెరిగితే ఎవరు చూస్తారనే ప్రశ్న నిజమైనదే. కానీ ఈ రోజు పుట్టిన బిడ్డ ఇరవై ఏళ్ల తర్వాత గానీ సంపాదించడు. మా నాన్నకు మంగళవారం మనిషి కావాలి.

తార్నాక తాత:
అమ్మా, మా సంగతి వినండి. ప్రైమరీ హెల్త్ సెంటర్ గోడ మీద ఎర్ర త్రికోణం, ‘ఇద్దరు లేక ముగ్గురు చాలు’. తర్వాత ‘మేమిద్దరం మాకిద్దరు’. ఎమర్జెన్సీలో మా ఆఫీసులో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు టార్గెట్లు పెట్టారు. చెప్పినట్టు విన్నాం. విన్నందుకు ఏమైంది? రాష్ట్రాలకు లోక్‌సభ సీట్ల పంపకం 1971 జనాభా లెక్కల మీద ఆగి ఉంది. 2026 తర్వాతి జనగణనతో ఆ తాళం తీస్తే, మాట వినని రాష్ట్రాలకు సీట్లు పెరుగుతాయి, మన వాటా తగ్గుతుంది. అందుకే చంద్రబాబు కనమన్నదాంట్లో తప్పు లేదంటాను.

రెండో షిఫ్ట్:
తాతగారూ, మీరు విన్నారా, మీ ఆవిడ విన్నారా? ఏమనుకోకండి, నర్సుని, రోజూ చూసేదే అడుగుతున్నా. మాస్టారు చెప్పిన సర్వేలోనే, ఏపీలో పెళ్లయిన 15–49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినవాళ్లు. మగవాళ్ల వేసెక్టమీ ఒక శాతం కూడా లేదు. రెండో సిజేరియన్‌కు వచ్చిన అమ్మాయి టేబుల్ మీద పడుకుని, ‘సిస్టర్, దీంతోపాటే ఆపరేషన్ కూడా చేసేయమనండి, మళ్లీ మళ్లీ లీవు దొరకదు’ అంటుంది. ఆయనకు చేయించొచ్చు కదా, చిన్నది, ఆ రోజే ఇంటికి పోవచ్చు అంటే, బయట అత్తగారు నా మొహం వింతగా చూస్తుంది. ఆపమన్నా మా కడుపే, కనమన్నా మా కడుపే.

పైగా కనమంటే కనేస్తారా? దక్షిణ కొరియా ఏళ్ల తరబడి కోట్లకు కోట్లు గుమ్మరించింది. 2023లో అక్కడ ఒక్కో మహిళకు సగటు పిల్లలు 0.72. చైనా 1980 ప్రాంతంలో ఒక్కరే అని బలవంతం చేసి, 2021లో ముగ్గురి దాకా కనొచ్చంది. ఆ మరుసటి ఏడే దాని జనాభా తగ్గడం మొదలైంది.

నిజాంపేట్‌వాలా:
మరి పర్యావరణం? తక్కువ మందైతే భూమికి మంచిదే కదా. అదీ తప్పేనా?

లెక్కల మాస్టారు:
తప్పు కాదు, సగం. తలసరి కార్బన్ డయాక్సైడ్ విడుదల మన దేశంలో ఏడాదికి సుమారు 2 టన్నులు, అమెరికాలో 14 పైనే. తలలే కాదు, ఒక్కో తల ఎంత వాడుతోందో కూడా చూడాలి. అమెరికా దాకా ఎందుకు, మా వీధికే రండి. అడ్డా మీద కూలీలు ఆరుగురు ఉండే గదికి నాలుగు బిందెలు. ఎదురింటాయన పొద్దున్నే పైపు పెట్టి రెండు కార్లు కడుగుతాడు. ఆయనకు ఒక్కతే కూతురు!

1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. 1921లో ఊరి జనం నాలుగు లక్షల పైచిలుకు. 2011 నాటికి జీహెచ్‌ఎంసీ పరిధిలోనే 67 లక్షలు దాటారు. ఇప్పుడు కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి, వంద కిలోమీటర్ల పైగా పంపులతో ఎక్కించుకుంటున్నాం. అంత కరెంటు పెట్టి తెచ్చిన నీళ్లతో కారు కడగడమేంటి అని నా కడుపుమంట.

ఇంకో మాట. పిల్లలు తగ్గినా, కనే వయసువాళ్లే ఎక్కువ ఉన్నారు కాబట్టి దేశ జనాభా 2060ల మొదటి వరకూ పెరిగి 170 కోట్ల దగ్గర ఆగుతుందని అంచనా. అంటే మన జీవితకాలంలో నీళ్లూ పెంచాలి, వృద్ధుల వార్డులూ పెంచాలి, రెండూ ఒకేసారి.

నిజాంపేట్‌వాలా:
మీ జవాబులన్నీ మా కొలీగ్‌కు పంపాను. వాడికి ఒక్కడే కొడుకు. మరి రెండో సంతానం ఎప్పుడురా అంటే, ‘ఎల్‌కేజీ ఫీజు కట్టి వచ్చి మాట్లాడు’ అన్నాడు. ఆదివారం మా అసోసియేషన్ మీటింగ్‌లో ఫ్లాట్‌కో నీటి మీటర్ అడగబోతున్నా. కార్లు ఎక్కువున్నవాళ్లే అడ్డం పడతారని తెలుసు.

తార్నాక తాత:
మీటర్లు పెట్టుకోండి నాయనా. నర్సమ్మ అడిగింది కాబట్టి చెప్తున్నా, ఆపరేషన్ మా ఆవిడకే అయింది. కానీ సీట్ల సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు.

రెండో షిఫ్ట్:
సీట్ల లెక్క పార్లమెంటులో మార్చుకోవచ్చు తాతగారూ, అక్కడ అడగండి. నాకు డ్యూటీ టైమైంది.