ఎక్స్‌కవేటర్ డిజైన్‌కి సిమ్యులేషన్ ఒక్కటే సరిపోదా? ప్రోటోటైప్ ఇంకా ఎందుకు?

కొత్త డిజైనర్:
మా ఆఫీసులో రెండు వారాలుగా ఇదే గొడవ. కొత్త మోడల్ బూమ్ (బండికి తగిలే పెద్ద చెయ్యి), ఆర్మ్ (దాని చివర చిన్న చెయ్యి), బకెట్ అన్నిటి బలం కంప్యూటర్లోనే లెక్కగట్టాం. మట్టి తవ్వడం కూడా అందులోనే చూశాం. ఇక ప్రోటోటైప్ అని ఒక నమూనా బండి తయారుచేసి, నెలల తరబడి ఫీల్డ్‌లో తిప్పి, ఎక్కడ విరుగుతుందా అని చూడటం దండగంటాను నేను. సీనియర్లు వినట్లేదు. 1998లో వచ్చిన క్యాటర్‌పిల్లర్ 797 డంపర్‌ని కంప్యూటర్ మీదే డిజైన్ చేశారు కదా?

రామగుండం మెకానిక్:
తమ్ముడూ, డిజైన్ చేయడం వేరు, టెస్టు మానేయడం వేరు. రెండూ కలిపేస్తున్నావు.

నేను ఓపెన్‌కాస్ట్‌ గనిలో ప్రొక్లెయిన్లు, అదే మీ ఎక్స్‌కవేటర్లు, రిపేరు చేస్తా. ఒక కంపెనీ బండికి ఏడాది తిరక్కుండానే బూమ్ అడుగున వెల్డింగ్ దగ్గర పగులొచ్చింది. కంపెనీ ఇంజినీరు ల్యాప్‌టాప్ తెరిచి రంగురంగుల బొమ్మ చూపించాడు. పగులొచ్చిన చోట నీలం రంగు, అంటే అక్కడ భయమేం లేదని. బొమ్మలో తప్పులేదు. బకెట్ తిన్నగా తవ్వుతుందని లెక్క వేశారు, అంతే. మా దగ్గర బ్లాస్టింగ్ తర్వాత బండరాళ్లు అడ్డంగా పడి ఉంటాయి. డోజర్ వచ్చేదాకా ఎవడాగుతాడు? ఆపరేటర్ బకెట్ నేలకి ఆనించి, బండిని పక్కకి తిప్పి, చీపురుతో ఊడ్చినట్టు రాళ్లు నెట్టేస్తాడు. అలా చేయకూడదని మాన్యువల్లో ఉంది. మాన్యువల్ సీటు కింద ఉంది.

బెంగళూరు వెల్డింగ్:
మెకానిక్ గారి మాటకి లెక్క చెప్తా. వెల్డింగ్ అతుకుల ఆయుష్షు ఇంచుమించు స్ట్రెస్ (లోడు వల్ల లోహంలో పడే ఒత్తిడి) ఘనానికి విలోమంగా పోతుంది. లోడు మనం అనుకున్నదానికంటే పావువంతు ఎక్కువైతే ఆయుష్షు సగమే! సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదైనా మనమిచ్చిన లోడుకే లెక్కగడుతుంది.

అలాగని సిమ్యులేషన్ వద్దనను. నడుస్తున్న బండికి స్ట్రెయిన్ గేజ్‌లు (లోహం ఎంత సాగిందో కొలిచే చిన్న పట్టీలు) అంటించి, సైట్‌లో నిజంగా పడే లోడ్లు రికార్డు చేసి, వాటినే కంప్యూటర్‌కి ఇవ్వాలి. అప్పుడు పది ప్రోటోటైప్‌ల పని ఒకటీ రెండిటితో అవుతుంది. సున్నాతో మాత్రం అవ్వదు.

కొత్త డిజైనర్:
సర్, మేం తవ్వడాన్ని డీఈఎమ్‌తో, అంటే మట్టిని విడివిడి రేణువులుగా లెక్కగట్టే పద్ధతితో చేశాం. లోడు మేం ఊహించింది కాదు, మట్టి మోడల్ నుంచి వచ్చిందే.

ఇసుక లెక్క:
డీఈఎమ్ నా పని కాబట్టి కొంచెం కటువుగానే చెప్తా. కండల్, స్ట్రాక్ అనే ఇద్దరు 1979లో ఈ పద్ధతి గురించి రాసింది రేణువుల గుట్టల కోసం. కంకర, విరిగిన రాయి అయితే బాగా పనిచేస్తుంది. మట్టి సంగతి వేరు. ఒక మిల్లీమీటరు రేణువులే అనుకున్నా ఘనమీటరులో వంద కోట్లు పడతాయి. బంకమట్టి రేణువు అందులో ఐదు వందలో వంతు కూడా ఉండదు. అన్ని రేణువులు ఏ కంప్యూటరూ మోయలేదు. అందుకే గోలీలంత రేణువులు పెట్టి, అవి నిజం మట్టిలా ప్రవర్తించేదాకా ఘర్షణ, జిగట అంకెలు సర్దుతాం. ఎండిన నల్లరేగడికి సర్దిన అంకెలు వాన పడ్డ మర్నాడు పనికిరావు. తడి రేగడి బకెట్‌లో అతుక్కుని సగం కిందకే రాదు. మీ మోడల్‌ని ఏ మట్టికి, ఎంత తేమ దగ్గర సరిచూశారు?

క్యాబ్ టెస్టర్:
సిమ్యులేషన్ పక్షాన కూడా చెప్పాలి. 1990ల్లోనే క్యాటర్‌పిల్లర్ వాళ్లు ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో కేవ్ అనే వర్చువల్ రియాలిటీ గదిలో కూర్చుని, ఇంకా తయారుకాని లోడర్ నడిపి చూశారు. ఆపరేటర్‌కి బకెట్ అంచు కనిపిస్తుందా లేదా అన్నది ఇనుము కోయకముందే తేలిపోయింది. అలాంటి వాటికి ప్రోటోటైప్ శుద్ధ దండగే.

కానీ డోజర్లు, లోడర్ల బోల్తా రక్షణకి ఐఎస్ఓ 3471 అనే అంతర్జాతీయ స్టాండర్డ్ ఉంది. అసలు చట్రాన్ని ల్యాబ్‌లో బిగించి పక్కనుంచి, పైనుంచి, పొడవునా నొక్కుతారు. ఆపరేటర్ కూర్చునే చోటులోకి ఏదీ చొరబడకూడదు. కంప్యూటర్ బొమ్మ తీసుకెళ్తే సర్టిఫికెట్ రాదు. ఎక్స్‌కవేటర్లది వేరే స్టాండర్డ్, పద్ధతి అలాంటిదే.

కొత్త డిజైనర్:
ఇసుక లెక్క గారూ, పొడి ఇసుకకే సరిచూశాం. ఒప్పుకుంటున్నా. మెకానిక్ అన్నా, ఆ పగులు సరిగ్గా ఎక్కడ మొదలైంది?

రామగుండం మెకానిక్:
అడుగు ప్లేటు వెల్డింగ్ చివర, ఎడమ పక్క. ఆ బండి ఆపరేటర్ రాళ్లన్నీ ఒకే పక్కకి ఊడ్చేవాడు. ఫొటోలున్నాయి, డ్యూటీ దిగాక పెడతా.