హోటల్ ఉచిత షటిల్‌ను నమ్ముకోవచ్చా, కారుకే డబ్బు పెట్టాలా?

మూటాముల్లె:
ఎయిర్‌పోర్ట్ దగ్గర హోటల్ వెతికేటప్పుడు మనలో చాలామంది ముందు చూసేది "ఉచిత షటిల్", అంటే హోటల్‌కూ ఎయిర్‌పోర్ట్‌కూ మధ్య తిరిగే బండి, ఉందా లేదా అనే. సదుపాయం మంచిదే, కాదనను. కానీ తెల్లవారుజామున ఫ్లైట్ ఉన్నవాళ్లు దాన్ని నమ్ముకుని నిద్రపోకూడదని నా గట్టి అభిప్రాయం. బండి అరగంటకో గంటకో ఒకటి ఉంటుంది. 5 గంటల ట్రిప్పు నిండితే మనకు మిగిలేది 5:30. అది టెర్మినళ్లన్నీ తిరుగుతూ పోతుంది, మనది చివరిదైతే ఇంకొంత ఆలస్యం. అంతర్జాతీయ ఫ్లైట్లకు చెకిన్ కౌంటర్‌ను చాలా ఎయిర్‌లైన్స్ బయల్దేరడానికి గంట ముందే మూసేస్తాయి. ఫ్లైట్ తప్పితే హోటల్ క్షమాపణ చెబుతుందేమో గానీ టికెట్ డబ్బు ఇవ్వదు. అందుకే అలాంటి రోజు కారుకు పెట్టే డబ్బును నేను టికెట్ ధరలో భాగంగానే లెక్కేస్తాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

కిటికీసీటు:
నేను కాదంటాను. కారు మాత్రం తప్పకుండా వస్తుందని ఎవరన్నారండీ? తెల్లవారుజామున యాప్‌లో డ్రైవర్ ఒప్పుకోవడం, కాసేపాగి క్యాన్సిల్ చేయడం, మళ్లీ వెతుకులాట. రాత్రే రిజర్వ్ చేసుకున్నా ఆ వేళకు డ్రైవర్ ఖాయమని చాలా యాప్‌లు హామీ ఇవ్వవు. వానపడితే రేటు రెట్టింపు. షటిల్ రాకపోతే లాబీలో మనతోపాటు ఇంకో పదిమంది నిలబడి ఉంటారు, రిసెప్షన్ వాళ్లు ఏదో ఒకటి చేయక తప్పదు. యాప్ కారు రాకపోతే రోడ్డు మీద మనం ఒక్కళ్లమే.

ఇంకో మాట. ఆ షటిల్ ఖర్చు గది అద్దెలో ఎప్పుడో కలిసిపోయింది. ఎక్కినా ఎక్కకపోయినా కట్టేశాం. దాన్ని వదిలేసి కారెక్కితే ఒకే ప్రయాణానికి రెండుసార్లు చెల్లించినట్టే.

మూటాముల్లె:
కట్టేశాం కాబట్టి వాడాల్సిందే అంటే ఎలాగండీ? పోయిన డబ్బు ఎటూ పోయింది. ఇప్పుడు చూడాల్సింది ఏ దారిలో ఫ్లైట్ తప్పే ప్రమాదం తక్కువ అన్నదే. యాప్ కార్ల మీద మీరన్నది నిజమే, ఒప్పుకుంటాను. నేను చెప్పేది ముందుగా మాట్లాడుకున్న కారు, డ్రైవర్ ఫోన్ నంబరు రాత్రికే చేతిలో ఉండే రకం.

బోర్డింగ్‌పాస్:
మీరిద్దరూ హోటల్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కు వెళ్లడం గురించే మాట్లాడుతున్నారు. దిగినప్పటి కథ పూర్తిగా వేరు. న్యూయార్క్ జెఎఫ్‌కె ఎయిర్‌పోర్ట్‌లో హోటల్ షటిల్ టెర్మినల్ ముందుకు రాదు. ఎయిర్‌ట్రెయిన్ అనే ఎయిర్‌పోర్ట్ రైలు ఎక్కి ఫెడరల్ సర్కిల్ స్టేషన్లో దిగి అక్కడ ఎక్కాలి. పెద్ద సూట్‌కేసులతో, చంటిపిల్లతో అది ఎంత పనో ఆలోచించండి. లండన్ హీత్రో ఎయిర్‌పోర్ట్‌లో చాలా హోటళ్లకు వెళ్లే హోటల్ హొప్పా బస్సు అసలు ఉచితం కాదు, టికెట్ కొనాలి. నలుగురున్న కుటుంబానికి ఒక టాక్సీతో పోల్చి చూసుకోవాల్సిందే.

అయితే కార్లన్నీ టెర్మినల్ ముందే ఉంటాయని కూడా అనుకోకండి. లాస్ ఏంజెలెస్‌లో 2019 అక్టోబరు నుంచి టాక్సీలనూ యాప్ కార్లనూ ఎల్ఏఎక్స్-ఇట్ అనే వేరే స్థలానికి మార్చేశారు. అక్కడికి నడవాలి, లేదా ఇంకో బస్సెక్కాలి. కాబట్టి ఏ ఎయిర్‌పోర్ట్, ఏ టెర్మినల్ అని అడగకుండా ఏది మేలో తేల్చలేం.

నాలుగోచక్రం:
ఫ్లైట్ రద్దయి రాత్రి ఆగిపోయినవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. యూరోపియన్ యూనియన్ 261/2004 నిబంధన కింద ఎయిర్‌లైన్ హోటల్ గది ఇస్తే సరిపోదు, ఎయిర్‌పోర్ట్‌కూ హోటల్‌కూ మధ్య రవాణా కూడా ఇవ్వాలి. అక్కడ ఈ చర్చే అక్కర్లేదు, హక్కుగా అడగండి.

అమెరికాలో ఇంకొకటి. హోటల్ షటిల్ నడుపుతుంటే, అది ఉచితమైనా సరే, వీల్‌చైర్ వాడేవాళ్లకు దానికి సమానమైన సేవ అందించాలని 1990 నాటి వికలాంగుల చట్టం చెబుతుంది. మెట్లెక్కలేని పెద్దవాళ్లు ఉంటే ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. "మా బండికి లిఫ్ట్ లేదు" అనేసి వాళ్లు తప్పుకోకూడదు.

రాత్రిడ్యూటీ:
హోటల్ రిసెప్షన్లో పనిచేసినవాడిగా లోపలి సంగతి చెబుతాను, కొందరికైనా పనికొస్తుంది. చాలాచోట్ల షటిల్ హోటల్ సొంతం కాదు. ఒక కాంట్రాక్టర్ బండి నాలుగైదు హోటళ్లకు కలిపి తిరుగుతుంది. మాకంటే ముందు ఆగే హోటల్లోనే నిండిపోతే మా గుమ్మం ముందుకొచ్చేసరికి సీటుండదు. ఆ సంగతి బండి వచ్చాకే మాకూ తెలిసేది. రాత్రిపూట ఉండేది ఒకే డ్రైవర్. అతను ఒక రౌండుకు వెళ్లాడంటే తిరిగొచ్చేదాకా ఎవరూ ఏమీ చేయలేరు. అతని మీద అరవకండి దయచేసి, రాత్రంతా మన సామాన్లు మోసేది అతనే.

బుక్ చేసే ముందు "షటిల్ ఉందా" అని అడిగితే అందరూ ఉందనే అంటారు. రాత్రి చివరి ట్రిప్పు ఎన్నింటికి, పొద్దున మొదటిది ఎన్నింటికి, టైము ప్రకారం తిరుగుతుందా లేక ఫోన్ చేస్తేనే వస్తుందా అని అడగండి. ఫోన్ చేస్తే వచ్చే రకమైతే దిగగానే కాదు, సామాన్లు చేతికొచ్చాకే చేయండి, లేకపోతే బండి వచ్చి వెళ్లిపోతుంది. తిరుగు ప్రయాణానికి రిసెప్షన్లో పేరు రాయించుకోవాల్సి ఉంటే చెకిన్ అవుతున్నప్పుడే రాయించండి.

కిటికీసీటు:
రాత్రిడ్యూటీ గారూ, థాంక్సండి. కాంట్రాక్టర్ బండి సంగతి విన్నాక పొద్దుటి ట్రిప్పు మీద నా పట్టు కాస్త సడలింది. కానీ దిగినప్పుడు నా ఓటు ఇప్పటికీ షటిల్‌కే. కొత్త ఊళ్లో అర్ధరాత్రి దిగిన ఒంటరి ఆడవాళ్లకు, భాష రాని అమ్మానాన్నలకు టెర్మినల్లో "టాక్సీ, టాక్సీ" అంటూ వెంటపడేవాళ్లకంటే హోటల్ పేరు రాసి ఉన్న బండి వెయ్యి రెట్లు నయం. అరగంట ఆగాల్సొచ్చినా అక్కడ తొందరేముంది? పోయేది నిద్రే గానీ ఫ్లైట్ కాదు.

మూటాముల్లె:
దిగినప్పుడు షటిల్ అంటే నాకూ అభ్యంతరం లేదు. అర్ధరాత్రి దిగేవాళ్లు రాత్రిడ్యూటీ గారు చెప్పినట్టు చివరి ట్రిప్పు టైము కనుక్కుంటే చాలు. పొద్దుటి ఫ్లైట్‌కు మాత్రం నా మాట మార్చను. రాత్రిడ్యూటీ గారికి ఒక్క ప్రశ్న: షటిల్ రాకపోతే హోటలే టాక్సీకి డబ్బు కడుతుందా?

రాత్రిడ్యూటీ:
మా దగ్గర బండి చెడిపోతే కట్టేవాళ్లం. నిండిపోతే కట్టేవాళ్లం కాదు. హోటల్‌ను బట్టి మారుతుంది కాబట్టి ఈ రెండూ విడివిడిగా అడిగి, జవాబు ఈమెయిల్లో తెప్పించుకోండి.